అంకెలుగా మారిన మాట



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని అడిగినప్పుడు మేం ముగ్గురం ఆలోచనలో పడ్డాం. కవితలు రాసేవాళ్లు ఉన్నారు. హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్లకూ కొదవ లేదు. మాకు తెలిసిందల్లా కాస్త ఎలక్ట్రానిక్స్. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదివిన మేం ఈ మధ్యే ఎం.ఎస్సీ. పూర్తి చేశాం. మా మూడు ఇళ్లల్లోనూ డిగ్రీ ముఖం చూసినవాళ్లం మేమే మొదలు. అందుకని, మాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టిన ఒక సంగతిని మీకు తొందరగా అర్థమయ్యేలా చెబుదామని ఈ ప్రయత్నం. సంగతి పేరు హామ్ రేడియోలో డిజిటల్ మాట.

హామ్ రేడియో అంటే?

రేడియో అనగానే మనకు పాటలు, వార్తలు గుర్తుకొస్తాయి. అక్కడ ఒకరు చెబుతారు, లక్షలమంది వింటారు. హామ్ రేడియో అలా కాదు. ఇందులో ప్రతి ఒక్కరూ చెప్పవచ్చు, వినవచ్చు. ప్రపంచమంతటా ప్రభుత్వాలు కొన్ని తరంగాల పట్టీలను ఔత్సాహికుల కోసం కేటాయించాయి. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకున్నవాళ్లు ఆ పట్టీల్లో మాట్లాడుకోవచ్చు, ప్రయోగాలు చేసుకోవచ్చు. డబ్బు కోసం వాడకూడదు. ప్రతివారికీ ఒక పిలుపు గుర్తు ఉంటుంది. మన దేశపు గుర్తులు ఎక్కువగా వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. ప్రధానమంత్రిగా చేసిన రాజీవ్ గాంధీ గారు కూడా హామే. ఆయన గుర్తు వీయూ2ఆర్‌జీ.

ఇదంతా ఫోన్లు లేని కాలం నాటి సరదా అనుకునేరు! 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ హామ్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది దూరదేశాల హామ్‌లతో మాట్లాడటానికి. ఆ ఉదయం నుంచి పని మారిపోయింది. దీవుల్లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారాలు ఆ రేడియోల మీదుగానే అవతలి ఒడ్డుకు చేరాయి. సముద్రం ఒడ్డున ఊళ్లున్న మనకు ఆ సమాచారం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పాత పద్ధతిలో మాట ఎలా వెళ్లేది?

గొంతు గాలిని కదిలిస్తుంది. మైకు ఆ కదలికను కరెంటు కదలికగా మారుస్తుంది. ఆ కదలికను యథాతథంగా రేడియో తరంగం మీద ఎక్కించి పంపడమే పాత పద్ధతి. దీన్నే అనలాగ్ అంటారు. ఎఫ్‌.ఎం. పద్ధతిలో ఒక్క మాటకు గాలిలో సుమారు 16 కిలోహెర్ట్జ్ చోటు పడుతుంది. దూరాలకు వాడే ఎస్‌.ఎస్‌.బి. పద్ధతిలో 3 కిలోహెర్ట్జ్ లోపే సరిపోతుంది.

అనలాగ్‌లో ఒక మంచి గుణం ఉంది. సంకేతం బలహీనపడే కొద్దీ గరగర పెరుగుతుంది, మాట మెల్లమెల్లగా మసకబారుతుంది. అయినా చెవి పెట్టి వింటే అర్థమవుతూనే ఉంటుంది. ఊరికి పోయే బస్సు కిటికీలోంచి అమ్మ చెప్పే మాటలు బస్సు శబ్దంలో సగమే వినిపించినా మనం పూర్తిగా అర్థం చేసుకోమూ? అలాగన్నమాట.

అంకెలుగా ఎలా మారుతుంది?

డిజిటల్ పద్ధతిలో గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు అనుకుంటే సెకనుకు 1,28,000 బిట్లు అవుతాయి. ఇంత సమాచారం హామ్‌లకున్న ఇరుకు దారిలో పట్టదు. కాబట్టి కుదించాలి.

ఎలా కుదించాలి? ఇక్కడే అసలు తెలివి ఉంది. ఉదాహరణకు, మన మెస్‌లో చేసే పులిహోర పక్క ఊరి హాస్టల్‌కు చేరాలి. గిన్నెతో మోసుకెళ్లడం ఒక దారి. చింతపండు ఇంత, పసుపు ఇంత, పోపు ఇలా అని చీటీ రాసి పంపితే అక్కడి వంటమనిషి వండుకోవడం రెండో దారి. చీటీ బరువు తక్కువ! గొంతు విషయంలోనూ అంతే. శబ్దాన్ని పంపకుండా, గొంతు ఏ స్థాయిలో పలికింది, నోరు ఏ ఆకారంలో ఉంది, ఊపిరి శబ్దం ఎంత అనే వివరాలను మాత్రమే సెకనుకు 50 సార్లు రాసి పంపుతారు. అవతలి రేడియో ఆ వివరాలతో గొంతును మళ్లీ వండుతుంది. ఈ పని చేసే భాగాన్ని వోకోడర్ అంటారు. దీనితో 1,28,000 బిట్లు కాస్తా 2400 బిట్లకు దిగుతాయి. అంటే 53వ వంతు!

తప్పులు దిద్దుకునే విధానం

గాలిలో పోయేటప్పుడు కొన్ని బిట్లు చెడిపోతాయి. మరి దిద్దుకోవడం ఎలా? మన మెస్ హాజరు పట్టీ గుర్తు తెచ్చుకోండి. అడ్డంగా గదులు, నిలువుగా తేదీలు. ప్రతి గదికీ ఒక మొత్తం, ప్రతి తేదీకీ ఒక మొత్తం. మధ్యలో ఒక అంకె ఎవరైనా తప్పు రాశారనుకోండి. 3వ గది మొత్తం కలవదు, 12వ తేదీ మొత్తం కలవదు. ఆ రెండూ కలిసే గడిలోనే తప్పు ఉన్నట్టు. ఎంత తేడా వచ్చిందో చూస్తే సరైన అంకె కూడా తెలిసిపోతుంది. డిజిటల్ రేడియో కూడా ఇలాగే కొన్ని అదనపు బిట్లు కలిపి పంపుతుంది. ఈ అడ్డం, నిలువు పద్ధతికి దగ్గరి బంధువే డీఎంఆర్ అనే విధానంలో సమాచారాన్ని కాపాడుతోంది.

అయితే దిద్దుకోవడానికీ ఒక హద్దు ఉంది. పట్టీలో ఒక అంకె తప్పితే పట్టుకోగలం. పట్టీ మీద సాంబారు ఒలికితే ఏం చేయగలం? అందుకే డిజిటల్ మాట చివరిదాకా శుభ్రంగా వినిపించి, ఒక హద్దు దాటగానే ముక్కలై, ఒక్కసారిగా మాయమైపోతుంది. మెట్లు దిగినట్టు ఉండదు, గట్టు మీంచి పడినట్టు ఉంటుంది.

మూడు దారులు, ముగ్గురు పెద్దలు

హామ్‌ల కోసమే తయారైన మొదటి డిజిటల్ మాట విధానాల్లో పేరున్నది డీ-స్టార్. జపాన్ ఔత్సాహిక రేడియో సంఘం 1990ల చివర పరిశోధన మొదలుపెట్టి 2001లో దీన్ని బయటపెట్టింది. ఇందులో సెకనుకు 4800 బిట్లు వెళతాయి. మాటకు 2400, తప్పుల దిద్దుబాటుకు 1200, మిగిలిన 1200 చిన్న సందేశాలకు, మనం ఉన్న చోటు చెప్పడానికి. గాలిలో పట్టే చోటు 6.25 కిలోహెర్ట్జ్ మాత్రమే. అవతలివారి పిలుపు గుర్తు తెర మీద కనిపిస్తుంది. బాగానే ఉంది గానీ చాలాకాలం ఐకామ్ అనే ఒక్క కంపెనీయే ఈ సెట్లు అమ్మింది. ధర ఎక్కువ. అందుకని అందరూ కొనలేకపోయారు.

రెండోది డీఎంఆర్. ఇది హామ్‌ల కోసం పుట్టలేదు. ఫ్యాక్టరీలు, టాక్సీలు, సెక్యూరిటీ సిబ్బంది వాడే వాకీటాకీల కోసం ఐరోపా ప్రమాణాల సంస్థ 2005లో తెచ్చింది. దీని కిటుకు మన మెస్‌లోనే ఉంది. రెండు వరుసలు, ఒకే గరిటె. ఈ వరుసకు ఒకసారి, ఆ వరుసకు ఒకసారి వడ్డిస్తూ పోతే రెండు వరుసలూ కదులుతాయి. డీఎంఆర్‌లో 60 మిల్లీసెకన్ల మాటను కుదించి 30 మిల్లీసెకన్ల గుక్కలో పంపేస్తారు. మిగిలిన 30 మిల్లీసెకన్లు వేరొకరి మాటకు. అలా 12.5 కిలోహెర్ట్జ్ చోటులో ఒకేసారి రెండు సంభాషణలు! పైగా సెట్ సగం సమయమే ప్రసారం చేస్తుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. 2015 తర్వాత చైనా కంపెనీలు చవక సెట్లు అమ్మడంతో డీఎంఆర్ హామ్‌ల ఇళ్లల్లోకి వేగంగా వచ్చింది.

మూడోది 2013లో యేసు కంపెనీ తెచ్చిన సిస్టమ్ ఫ్యూజన్. ఈ కంపెనీ ఒక లోకజ్ఞానం చూపించింది. కొండల మీద, ఎత్తైన భవనాల మీద పెట్టి, విన్న మాటను మళ్లీ బలంగా ప్రసారం చేసే రిపీటర్లను క్లబ్బులకు బాగా తగ్గించి ఇచ్చింది. ఆ రిపీటర్‌కు డిజిటల్ మాట వస్తే డిజిటల్‌గా, పాత ఎఫ్‌.ఎం. వస్తే ఎఫ్‌.ఎం.గా తనంతట తానే మారడం తెలుసు. పాత సెట్ ఉన్నవాళ్లను బయటికి నెట్టకుండా కొత్తది తెచ్చిందన్నమాట.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఈ మూడూ ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. అసలే హామ్‌లు తక్కువ. వాళ్లు మళ్లీ మూడు జట్లు. ఒకే ఊళ్లో మూడు బావులు తవ్వి, ఒకరి బావిలో మరొకరు నీళ్లు తోడుకోలేని పరిస్థితి. ఈ గోడలను కొంత పగలగొట్టింది కంపెనీలు కాదు, హామ్‌లే. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ నేలర్ రాసిన ఎం.ఎం.డీ.వీ.ఎం. అనే సాఫ్ట్‌వేర్ ఒకే చిన్న బోర్డుతో ఈ విధానాలన్నిటినీ నడిపించింది. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌కు తగిలిస్తే హాట్‌స్పాట్ తయారవుతుంది. చేతి సెట్ నుంచి మాట హాట్‌స్పాట్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా మరో దేశపు రిపీటర్‌కు చేరుతుంది.

తాళం ఎవరి దగ్గర?

మేం పీజీలో ఈ అంశం మీద సెమినార్ ఇచ్చాం. పులిహోర చీటీ పోలిక చెప్పినప్పుడు అందరూ నవ్వారు. చివర్లో ఒక మేడం అడిగారు, "బాబూ, ఆ చీటీ ఎలా రాస్తారో చెప్పు" అని. మా దగ్గర జవాబు లేదు. పుస్తకాల్లో వెతికాం. చివరికి తెలిసిందేమిటంటే, మేం పైన చెప్పిన మూడు విధానాల్లోనూ చీటీ రాసేది అమెరికాలోని ఒకే కంపెనీ వోకోడర్. దాని పేరు ఏఎంబీఈ. ఆ కంపెనీ దాన్ని పేటెంట్లతో, వ్యాపార రహస్యాలతో చిప్‌లో పెట్టి అమ్మింది. చిప్ కొనుక్కోవచ్చు. లోపల ఏం జరుగుతుందో చూడటానికి లేదు.

మా బడిలో ల్యాబ్ బీరువా ఉండేది. అద్దాల్లోంచి మైక్రోస్కోపు కనిపించేది. పాడు చేస్తామన్న భయంతో తాళం తీసేవారు కాదు. అయిదేళ్లు ఆ అద్దం మీద ముక్కు ఆనించి చూశాం గానీ ఒక్కసారీ ముట్టుకున్నది లేదు. పరీక్షలో మాత్రం బొమ్మ గీసి భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాం. సెమినార్ రోజున మాకు ఆ బీరువానే గుర్తొచ్చింది.

హామ్ రేడియో పుట్టిందే విప్పి చూడటానికి. సెట్ సొంతంగా కట్టుకోవచ్చు, పాడైతే బాగుచేసుకోవచ్చు. అర్థాన్ని దాచే రహస్య భాషలో మాట్లాడకూడదన్నది అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది. అలాంటి చోట మధ్యలో ఒక మూసిన పెట్టె వచ్చి కూర్చుంటే ఎలా అని చాలామంది హామ్‌లు ప్రశ్నించారు. చిప్ ఎవరైనా కొనుక్కోవచ్చు కదా, అది రహస్యం ఎలా అవుతుందని మరికొందరు వాదించారు. రెండో వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ కొనడం వేరు, నేర్చుకోవడం వేరు.

తాళం లేని వోకోడర్

ఈ ప్రశ్నకు వాదనతో కాకుండా పనితో జవాబు చెప్పినవాడు డేవిడ్ రో. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వాసి. గొంతును కుదించడం మీదే 1990లలో పీహెచ్‌.డీ. చేశారు. అమెరికాకు చెందిన బ్రూస్ పెరెన్స్ అనే హామ్, తాళం లేని వోకోడర్ కావాలని పట్టుబట్టడంతో తన పాత పరిశోధనను బయటికి తీసి, 2010 ప్రాంతంలో కోడెక్ 2 అనే వోకోడర్ రాశారు. దాని ప్రతి వరుసా అందరికీ ఉచితం. చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. సెకనుకు 3200 బిట్ల నుంచి 700 బిట్ల దాకా దీనిలో రకాలు ఉన్నాయి. 700 అంటే మొదటి లెక్కలో 183వ వంతు!

దీని ఆధారంగా 2012లో ఫ్రీడీవీ వచ్చింది. కంప్యూటర్, మామూలు ఎస్‌.ఎస్‌.బి. సెట్ ఉంటే చాలు, డిజిటల్ మాట దూరదేశాలకు పంపవచ్చు. 2018లో వచ్చిన 700డీ రకం గాలిలో సుమారు 1 కిలోహెర్ట్జ్ చోటే తీసుకుంటుంది, గరగర సంకేతాన్ని మించిపోయినా మాట అందిస్తుంది. 2024లో మెషీన్ లెర్నింగ్‌తో పనిచేసే రేడియో ఆటోఎన్‌కోడర్ అనే కొత్త పద్ధతి కూడా దీనిలో చేరింది. మరోవైపు పోలండ్‌లో వొయిచెక్ కచ్మార్స్కీ 2019లో కోడెక్ 2 తోనే ఎం17 అనే పూర్తి స్వేచ్ఛా విధానం మొదలుపెట్టారు. వార్సాలో వాళ్ల క్లబ్బు ఉన్న వీధి పేరు, ఇంటి నంబరు కలిపి దానికా పేరు పెట్టుకున్నారు. ఇంటి నంబరుతో మొదలైన పని ప్రపంచమంతా చేరింది!

మా కంప్యూటర్‌లో ఏం విన్నాం?

కోడెక్ 2 ను పరీక్షించడానికి రేడియో అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. మాలో ఒకరి ఫోన్‌లో వాళ్లమ్మ గొంతు ఉంది. "తిన్నావా? డబ్బులున్నాయా? పండక్కి వస్తావా?" అంతే. దాన్ని కోడెక్ 2 లో వేసి చూశాం. 3200లో గొంతు కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుంది గానీ అమ్మే. 1300లో బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంది. 700కు వచ్చేసరికి ఎవరి గొంతో చెప్పడం కష్టం. "పండక్కి" అన్న మాట ముందే తెలియకపోతే పోల్చుకోలేం. "తిన్నావా?" మాత్రం స్పష్టంగా వినిపించింది.

ఎందుకలా? ఈసారి జవాబు వెతుక్కోగలిగాం. ప్రోగ్రామ్ తెరిచి చూశాం. బిట్లు తగ్గే కొద్దీ గొంతు ఆకారాన్ని ఎంత మొరటుగా రాస్తున్నారో, ఒక్కో వివరానికి ఎన్ని బిట్లు కేటాయించారో వరుసవరుసగా కనిపించింది. అర్థం కాని వరుసలు చాలా ఉన్నాయి. నెల రోజులు కూర్చున్నాం. సెమినార్ అయిపోయినా ఆ మేడం దగ్గరికి వెళ్లి, "ఇదిగో మేడం, చీటీ ఇలా రాస్తారు" అని చెప్పి వచ్చాం. మా చదువు మొత్తంలో మాకు బాగా గుర్తుండిపోయిన రోజు అదే.

మరి అందరూ డిజిటల్‌కు మారాలా?

మా అభిప్రాయం చెబుతాం. డిజిటల్ వల్ల తక్కువ చోటులో ఎక్కువమంది మాట్లాడగలుగుతున్నారు. ఎవరు మాట్లాడుతున్నారో, ఎక్కడున్నారో తెలుస్తోంది. ఇవి నిజమైన లాభాలే. కానీ ఇంటర్నెట్ మీద ఆధారపడిన హాట్‌స్పాట్, తుపాను రోజున ఇంటర్నెట్ పోతే మాట బయటి ఊరికి చేర్చలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో మనలో చాలామంది ఇళ్లల్లో చెప్పుకుంటారు. అలాంటి రోజున ఒక తీగ, ఒక బ్యాటరీ, ఒక మామూలు సెట్ ఉన్నవాడే ఊరికి దిక్కు. పోర్ట్‌బ్లెయిర్ బృందం పని నడిచిందీ డిజిటల్ మాటతో కాదు. కాబట్టి కొత్తది నేర్చుకోవాలి, పాతది చేతిలో ఉంచుకోవాలి. ఏది కొన్నా, లోపల ఏం జరుగుతుందో అడగడం మాత్రం మానకూడదు.

తమ్ముళ్లకు ఒక మాట

మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు హామ్ పరీక్ష రాయవచ్చు. కేంద్ర దూరసంచార శాఖ ఈ పరీక్ష నిర్వహిస్తుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. రేడియో సూత్రాలు, నిబంధనలు వస్తే చాలు. పదో తరగతి ఫిజిక్స్ బాగా చదివినవాడికి ఆ పుస్తకం కొరకరాని కొయ్య ఏమీ కాదు. ఒక్క హెచ్చరిక. లైసెన్సు రాకముందు సెట్ కొనకండి, ప్రసారం చేయకండి. అది చట్టవిరుద్ధం. వినడం, చదవడం, కంప్యూటర్‌లో కోడెక్ 2 ను ఆడించి చూడటం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

మేం ముగ్గురం ఈ ఏడాది పరీక్షకు సిద్ధమవుతున్నాం. పాసైతే వచ్చే వార్షికోత్సవానికి మా సెట్ తీసుకుని హాస్టల్‌కు వస్తాం. మెస్ హాలులో బల్ల మీద పెట్టి, మూత విప్పి చూపిస్తాం. ముట్టుకుని చూడండి. పాడైతే కలిసి బాగుచేద్దాం.

— పూర్వ విద్యార్థులు, ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్